ఇంట్లోవాళ్ల గొంతులతో ఆడియో కథ చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తమైకు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఈ ఫోరంలో చదవడమే తప్ప ఏమీ రాయలేదు.

మా తాతయ్య పెళ్లయిన కొన్నేళ్లకు పని కోసం విదేశం వెళ్లారు. మధ్యలో కొంతకాలం ఆయన జాడే లేదట. ఉత్తరం లేదు, కబురు లేదు. తర్వాత ఉన్నట్టుండి తిరిగొచ్చారు. ఆ మధ్యకాలంలో ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. నాన్నమ్మ మాత్రం ఈమధ్య తనంతట తనే కొంచెం కొంచెం చెబుతోంది. తనకు చెప్పే ఫోన్లో కొంత రికార్డు చేశాను. నాన్నని కదిలిస్తే "ఇప్పుడవన్నీ ఎందుకురా" అని లేచి వెళ్లిపోతారు. మేనత్త చెప్పే కథకీ నాన్నమ్మ చెప్పే కథకీ పొంతనే లేదు.

ఇవికాక, తాతయ్య అక్కణ్ణుంచి ఉత్తరాలకు బదులు మాట్లాడి పంపిన క్యాసెట్లు ఒక డబ్బాలో ఉన్నాయి. ఎన్నో ఏళ్లుగా ఎవరూ వాటిని వినలేదు.

అన్నీ కలిపి పది ఎపిసోడ్ల పాడ్‌కాస్ట్ చేయాలని ఆశ. ఎడిటింగ్ అనుభవం సున్నా. ఏ మైకు కొనాలి? క్యాసెట్లను ఏం చేయాలి? అసలు ఇది బయట పెట్టొచ్చా? ఈ మూడో ప్రశ్నకే నాకు ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

చెవులపిల్లి

మైకు సంగతి ఆఖర్న చూద్దాం. అందరూ అక్కడే ఆగిపోతారు. రివ్యూలు చూస్తూ నెలలు గడిపేస్తారు, ఈలోగా చెప్పాల్సిన మనిషికి ఓపిక తగ్గిపోతుంది. నాన్నమ్మ చెప్పే మూడ్‌లో ఉన్నారు కాబట్టి ఉన్న ఫోన్‌తోనే కానివ్వండి. ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, నోటికి జానెడు, జానెడున్నర దూరంలో ఏదైనా మెత్తటి గుడ్డ మీద ఉంచండి. దూరంగా పెట్టిన ఖరీదైన మైకు కన్నా దగ్గరగా పెట్టిన ఫోనే నయం.

గది ముఖ్యం. పరుపు, కర్టెన్లు, బట్టల బీరువా ఉన్న పడకగది అయితే మంచిది. ఖాళీ హాల్లో గొంతు గోడలకు తగిలి తిరిగొస్తుంది, ఆ ప్రతిధ్వనిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీయలేదు. ఫ్యాన్ ఆపండి. ఫ్రిజ్ దగ్గర్లో ఉంటే అది కూడా ఆపండి, ఆపేముందు మీ బండి తాళాలు అందులో పెట్టండి. నవ్వకండి, షూటింగుల్లో సౌండ్ వాళ్లు చేసే పనే ఇది. తాళాలు తీసుకోకుండా వెళ్లలేరు కదా, ఫ్రిజ్ మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది.

చివర్లో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసుకోండి. ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనపడకుండా కప్పడానికి అదే పనికొస్తుంది.

రీలుబండి

క్యాసెట్ల గురించి నేను చెబుతా. దయచేసి ఇవాళే ఏదో పాత ప్లేయర్లో పెట్టి బటన్ నొక్కేయకండి.

ముందు ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డ్ బటన్ నొక్కినా దాని మీద ఏదీ పడదు. తర్వాత వెలుతురులో పట్టుకుని చూడండి. టేపు మీద తెల్లటి పొడిలాంటి మరకలు ఉంటే అది బూజు. అలాంటిదాన్ని ప్లే చేయొద్దు, పక్కన పెట్టి ఈ పని తెలిసినవాళ్లకు ఇవ్వండి. కింద నోటి దగ్గర టేపు వెనకాల చిన్న ఫెల్ట్ ముక్క కనపడుతుంది, అది టేపును ప్లేయర్లో శబ్దాన్ని చదివే భాగానికి, అంటే హెడ్‌కి, ఆనించి ఉంచుతుంది. పాత క్యాసెట్లలో దాని జిగురు ఎండిపోయి ఆ ముక్క ఊడిపోతుంది. అప్పుడు శబ్దం గుడ్డ కప్పినట్టు వస్తుంది, టేపు పోయిందనుకుంటారు. ఆ ముక్క మారిస్తే చాలు.

ప్లేయర్ హెడ్‌ని, రబ్బరు రోలర్ని శుభ్రం చేశాక, పోయినా బాధలేని వేరే క్యాసెట్ పెట్టి పరీక్షించండి. ప్లేయర్ ఆ టేపును నమలకపోతేనే మీవి పెట్టండి. పెట్టగానే ప్లే కాదు, ఒకసారి చివరిదాకా ముందుకు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. కీచుమని శబ్దం వచ్చినా, బరువుగా కదిలినా వెంటనే ఆపేయండి.

ప్లేయర్‌కి ఉండే లైన్ అవుట్ అనే సాకెట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కి (శబ్దాన్ని డిజిటల్‌గా మార్చే చిన్న పెట్టె), అక్కణ్ణుంచి కంప్యూటర్‌కి వైరు కలపండి. రికార్డింగ్ సెట్టింగుల్లో నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైల్ అని పెట్టండి. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ చెప్పే కనీస ప్రమాణం అదే. స్టీరియోలో గంటకు దాదాపు ఒక జీబీ అవుతుంది. ఎంపీ3లో నేరుగా ఎక్కించొద్దు, ఒకసారి పోయిన వివరం మళ్లీ రాదు. సీ-90 క్యాసెట్ అయితే ఒక్కో వైపు 45 నిమిషాలు, అంతసేపూ కూర్చోవాల్సిందే. షార్ట్‌కట్ లేదు.

డబ్బా మీద, క్యాసెట్ మీద చేతిరాత ఏదైనా ఉంటే ఫొటోలు తీయండి. అది కూడా కథలో భాగమే.

నడిరేయి

ఒక చిన్న విషయం. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ కనిపెట్టింది 1877లో. మరుసటి ఏడాది దానితో ఏమేం చేయొచ్చో ఒక పత్రికలో జాబితా రాస్తూ, కుటుంబ సభ్యుల జ్ఞాపకాలు, వాళ్లు అనే మాటలు వాళ్ల గొంతుల్లోనే దాచుకోవచ్చని కూడా చేర్చాడు. అంటే ఈ యంత్రం పుట్టగానే వచ్చిన ఆలోచన ఇది, మీకు కొత్తగా పట్టిన పిచ్చి కాదు. ఇంట్లో ఎవరైనా వెక్కిరిస్తే ఇది చెప్పండి.

కొత్తమైకు

రీలుబండి గారూ, పలకలు విరిచేశాను. ఒక క్యాసెట్‌లో ఫెల్ట్ ముక్క నిజంగానే ఊడి లోపల దొర్లుతోంది!

నడిరేయి గారూ, అది చెబితే మా తమ్ముడు ఇంకా ఎక్కువ వెక్కిరిస్తాడు.

నాన్న గురించి ఏదైనా చెప్పండి. ఆయన గొంతు లేకుండా ఈ కథ సగమే.

సూటిగా

రికార్డర్ కనపడితే బిగుసుకుపోయే మనుషులు ఉంటారు. నలుగురూ కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఫోన్ పక్కన ఆన్ చేసి వదిలేయండి. సహజంగా వస్తుంది. తర్వాత వినిపించి పర్మిషన్ అడగొచ్చు. అంత పెద్ద విషయం చేయక్కర్లేదు.

మడతపేజీ

సూటిగా గారూ, ఇదొక్కటి మాత్రం వద్దండి. "ఇప్పుడవన్నీ ఎందుకురా" అని ఆయన సమాధానం చెప్పేశారు. చెప్పిన తర్వాత కూడా దొంగచాటుగా పట్టుకుంటే, వినిపించిన రోజున ఆయన కోపం రికార్డింగు మీద ఉండదు, కొడుకు మీద ఉంటుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఫోన్ బల్ల మీద కనపడితే చాలు, ఎవరూ నోరు విప్పరు.

సూటిగా

ఇంట్లోవాళ్ల మధ్య ఇంత లాయర్ భాష అవసరమా?

మడతపేజీ

లాయర్ భాష కాదు. ఇంట్లోవాళ్లు కాబట్టే ఎక్కువ జాగ్రత్త. బయటివాళ్ల ఇంటర్వ్యూ అయితే మీరు వెళ్లిపోతారు, వాళ్లు వెళ్లిపోతారు. ఇక్కడ రేపు పొద్దున లేస్తే మళ్లీ అదే మొహం చూడాలి.

కొత్తమైకు గారికి: నాన్నని తాతయ్య గురించి అడగడం మానేయండి. ఆయన చిన్నతనం గురించే అడగండి. ఆ ఇంట్లో మీరు ఎక్కడ పడుకునేవాళ్లు? బడి నుంచి రాగానే ముందు ఎవరు కనపడేవాళ్లు? రాత్రి ఏ చప్పుడుకి మెలకువ వచ్చేది? ఆ పిల్లాడి ఇంట్లో తండ్రి లేడన్న సంగతి ఈ జవాబుల్లోనే ఎక్కడో ఉంటుంది. మీరు ఆ మాట ఎత్తాల్సిన అవసరం ఉండదు. వస్తే వస్తుంది, రాకపోతే ఆ ఇల్లు ఎలా ఉండేదో అయినా మీ దగ్గర ఉంటుంది. అయినా ఆయన వద్దంటే వద్దనే. మాట్లాడనన్న మనిషిని "మా నాన్న దీని గురించి మాట్లాడలేదు" అన్న ఒక్క వాక్యంతో మర్యాదగా చెప్పి ముందుకెళ్లొచ్చు. అదీ ఆయనకు ముందే చెప్పి.

అక్షరంపురుగు

ప్రశ్నలు అడిగే తీరు గురించి కొంచెం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరికి కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. కొందరిని "తగిలినప్పుడు" అనీ, కొందరిని "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అనే అర్థం వచ్చేట్టూ అడిగారు. చూసింది ఒకటే, రెండో రకంగా అడిగినవాళ్లు వేగం ఎక్కువ చెప్పారు.

మీ విషయంలో "తాతయ్య నిన్ను వదిలేసి వెళ్లినప్పుడు" అని అడిగారనుకోండి, నాన్నమ్మ నోట్లో ఒక కథ మీరే పెట్టినట్టు. "తాతయ్య వెళ్లిన రోజు ఏం జరిగింది?" అనండి. వదిలేసి వెళ్లాడో, తప్పక వెళ్లాడో ఆవిడే చెబుతారు.

ఇంకోటి, ఆవిడ మాట ఆపగానే మీరు అందుకోకండి. కొన్ని క్షణాలు ఊరుకోండి. పెద్దవాళ్లు చాలాసార్లు ఆ ఖాళీ తర్వాతే అసలు మాట చెబుతారు. "ఊఁ", "అవునా", "అయ్యో" అనకుండా తల ఊపండి. లేకపోతే ఆవిడ చెప్పే ప్రతి మంచి వాక్యం మీదా మీ "ఊఁ" కూర్చుని ఉంటుంది, కోయడం కుదరదు.

గంటలకు గంటలు కూర్చోబెట్టకండి. అమెరికాలో స్టోరీకార్ప్స్ అని 2003 నుంచి మామూలు మనుషుల సంభాషణలు రికార్డు చేస్తున్న సంస్థ ఉంది, వాళ్లు ఒక్కో సంభాషణకు పెట్టుకున్నది దాదాపు 40 నిమిషాలే. పెద్ద వయసు వాళ్లకు అది కూడా ఎక్కువే కావచ్చు.

కొత్తమైకు

నాన్నమ్మ, మేనత్త చెప్పేవాటిలో ఏది నిజమో తేల్చుకోవడం ఎలా? తాతయ్య వెళ్లేటప్పటికి మేనత్త పుట్టలేదని నాన్నమ్మ అంటుంది. మేనత్తేమో తను గుమ్మంలో నిలబడి ఆయన వెళ్లడం చూశానంటుంది, ఆయన చేతిలో సంచి రంగు కూడా చెబుతుంది. ఎవరినీ అబద్ధాలకోరు అనలేను.

అక్షరంపురుగు

ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఇటలీలో తెర్ని అనే ఉక్కు పరిశ్రమ ఊళ్లో లుయీజీ ట్రస్తుల్లి అనే కార్మికుడు 1949లో, నాటో ఒప్పందానికి వ్యతిరేకంగా జరిగిన నిరసనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అలెస్సాండ్రో పోర్తెల్లి అనే చరిత్రకారుడు తర్వాత ఆ ఊరివాళ్లను కూర్చోబెట్టి అడిగితే, చాలామంది ఆ చావు 1953లో, కార్మికులను మూకుమ్మడిగా తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో జరిగిందని చెప్పారు. పోర్తెల్లి దాన్ని తప్పుల కింద కొట్టేయలేదు. వాళ్లను ఎక్కువగా దెబ్బకొట్టింది ఉద్యోగాలు పోవడం. ఆ చావుకు ఒక అర్థం ఉండాలంటే అది అక్కడే జరగాలి, అందుకని జ్ఞాపకం దాన్ని అక్కడికి జరిపింది. తేదీ తప్పు, కానీ ఆ తప్పే ఎక్కువ చెబుతోంది.

మేనత్త చూసింది ఆయన రెండోసారి వెళ్లడం కావచ్చు. చిన్నప్పుడు పదేపదే విన్న కథ తన కళ్లతో చూసినట్టు మారిపోయి ఉండొచ్చు. పాస్‌పోర్టు ముద్రలు, క్యాసెట్ల మీది తేదీలు, బడి రికార్డులు దొరికితే సరిచూడండి. దొరికినా మేనత్త మాట తీసేయకండి. రెండు గొంతులూ పక్కపక్కన పెట్టి, కాగితం ఏం చెబుతుందో మీ గొంతుతో చెప్పండి. నన్నడిగితే మీ మొదటి ఎపిసోడ్ ఆ సంచే.

చెవులపిల్లి

ఆ సంచి ఎపిసోడ్ నేను తప్పకుండా వింటాను.

పది ఎపిసోడ్లని ప్రకటించకండి మాత్రం. ఐదు నిమిషాల ముక్క ఒకటి పూర్తి చేయండి, మొదలు, చివర ఉన్న ముక్క. ఎడిటింగ్‌కి డబ్బు పెట్టక్కర్లేదు, అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, సరిపోతుంది.

పని చేసే పద్ధతి: ముందు మొత్తం విని, ఏ నిమిషంలో ఏముందో రాసుకోండి. "12:40, సంచి. 14:05, నవ్వి ఆగిపోయింది" ఇలా. విన్నప్పుడు మీకే ఒళ్లు జలదరించిన చోట చుక్క పెట్టండి. తర్వాత ఆ చుక్కల్నే కాగితం మీద వరస మార్చి మార్చి చూడండి. నేరుగా కంప్యూటర్లో కోయడం మొదలుపెడితే తప్పిపోతారు. మాటల్ని అక్షరాల్లోకి మార్చే విస్పర్ లాంటి సాఫ్ట్‌వేర్ తెలుగు కూడా రాస్తుంది కానీ, పెద్దవాళ్ల యాస, పాత మాటలు వస్తే దాని రాత చూసి నవ్వాలో ఏడవాలో తెలియదు. వెతుక్కోవడానికి వాడుకోండి, నమ్మకండి.

మీ వ్యాఖ్యానం రాసేటప్పుడు పైకి చదువుతూ రాయండి. ఊపిరి అందని వాక్యం విరిచేయండి. నాన్నమ్మ చెప్పేసిన దాన్ని మీరు మళ్లీ చెప్పకండి. ఆవిడ "ఆ రోజు దీపం పెట్టలేదు" అన్నాక "ఆ రోజు ఆమె ఎంతో బాధపడింది" అని మీరు అంటే ఆ దీపం కూడా పోతుంది.

వెనకాల చప్పుళ్లు తీసేసే నాయిస్ రిమూవల్ తక్కువగా వాడండి. ఎక్కువైతే మనిషి నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టు ఉంటుంది. చివర్లో లౌడ్‌నెస్, అంటే మొత్తం మీద శబ్దం ఎంత గట్టిగా వినపడుతుందన్నది, స్టీరియోకి మైనస్ 16 లఫ్స్ (దాన్ని కొలిచే యూనిట్) దగ్గర ఉంచండి. పాడ్‌కాస్టులకు యాపిల్ సూచించేది అదే.

సూటిగా

తాతయ్య రాసిన ఉత్తరాలు కూడా ఏవైనా ఉంటే, క్యాసెట్లలోంచి ఆయన గొంతు తీసుకుని ఏఐతో చదివించొచ్చు కదా. ఇప్పుడు చాలా తేలిక. ఇది తిట్టించుకోవడానికి అడగట్లేదు, నిజంగానే అడుగుతున్నా.

మడతపేజీ

మంచి ప్రశ్నే, తిట్టను. 2021లో వంటలవాడు, రచయిత ఆంథొనీ బూర్డెయిన్ మీద వచ్చిన డాక్యుమెంటరీలో, ఆయన రాసిన కొన్ని వాక్యాల్ని ఏఐ గొంతుతో పలికించారు. సినిమాలో ఆ సంగతి చెప్పలేదు. తర్వాత బయటపడి పెద్ద రభసే అయింది. మాటలు ఆయన రాసినవే. కానీ గొంతులో ఉన్న బాధ, విరామం ఎవరివి? ఎవరో ఎంచినవి.

కుటుంబం విషయంలో నాకు ఇంకో భయం. ఇరవై ఏళ్ల తర్వాత మీ పిల్లలు ఆ ఫైల్ వింటారు. ఏది తాతయ్య నిజంగా మాట్లాడింది, ఏది మీరు చేయించింది అన్నది వాళ్లకెవరు చెబుతారు? అసలు గొంతు క్యాసెట్‌లో ఉన్న మనిషికి నకిలీ గొంతు దేనికి? ఉత్తరం నాన్నమ్మ చేత చదివించండి. ఆవిడకు చూపు ఆనకపోతే మీరు చదవండి, ఆవిడ వింటుండగా.

నడిరేయి

నాన్నమ్మ చేత చదివించడం. ఇది నాకు తట్టలేదు. వాడేసుకుంటా.

మడతపేజీ

ఇక బయట పెట్టడం గురించి, ఎవరూ పూర్తిగా చెప్పలేదు కాబట్టి. రికార్డింగ్ మొదట్లో పేరు, తేదీ, ఇది దేనికోసం చేస్తున్నారో చెప్పించండి. అది తొలి అంగీకారం మాత్రమే. మాట్లాడిన రోజు ఆవిడకు తను ఏం చెప్పబోతుందో తెలియదు కదా. అందుకే ఎడిట్ అయ్యాక మళ్లీ వినిపించి, బయటికి వెళ్లేముందు మళ్లీ అడగాలి. ఇంట్లోవాళ్లకు మాత్రమేనా, తెలిసినవాళ్లకా, లోకానికంతటికా అని విడివిడిగా అడగండి. "సరే" అన్న మాటకు ఒక్కొక్కరి మనసులో ఒక్కో హద్దు ఉంటుంది. ఒకసారి నెట్‌లో పడ్డాక వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదని కూడా చెప్పాలి. లింకు తెలిసినవాళ్లకే కనపడే ఫైల్ అంటే తాళం వేసిన ఫైల్ అని కాదు, ఎవరైనా వాట్సాప్‌లో పంపేయొచ్చు.

కథలో పేరొచ్చే బయటివాళ్లు కూడా ఉంటారు. అప్పిచ్చినవాడు, పొరుగింటావిడ. వాళ్లను ఎవరూ అడగలేదు. పేర్లు తీసేయండి.

కొత్తమైకు

కొంచెం ఆలస్యంగా వస్తున్నాను. రెండు సంగతులు.

మొదటిది, ఫెల్ట్ ముక్క మార్చాక క్యాసెట్ పలికింది. తాతయ్య చాలాసేపు వాతావరణం గురించి, జీతం గురించే మాట్లాడారు. మధ్యలో "చిన్నది నడుస్తోందా?" అని అడుగుతారు. చిన్నది అంటే మేనత్తే. అంటే ఆయన వెళ్లేటప్పటికి తను పుట్టింది, కానీ నడక రాలేదు. నాన్నమ్మ, మేనత్త ఇద్దరూ సరిగ్గా చెప్పలేదు, ఇద్దరూ కొంత సరిగ్గానే చెప్పారు. మేనత్తకు వినిపించాను. సంచి మాత్రం తను చూసిందేనట. ఒప్పుకోదు.

రెండోది, నాన్న. సంచి ముక్క ఎడిట్ చేసి అందరికీ వినిపించేముందు ఆయనకొక్కరికే వినిపించాను. ఏమీ అనలేదు. మర్నాడు వచ్చి, నాన్నమ్మ ఒకచోట ఇంకో బంధువు గురించి అన్న మాట తీసేయమన్నారు. "ఆయన పిల్లలు వింటార్రా" అన్నారు. ఆ వాక్యం కథకు చాలా ముఖ్యం. నాన్నమ్మకు అభ్యంతరం లేదు. ఏం చేయాలి?

సూటిగా

నాన్నమ్మ మాట, నాన్నమ్మ ఇష్టం. ఉంచేయండి అనే అంటాను. చెప్పిన మనిషే సరేనంటే మధ్యలో నాన్నకు వీటో ఏంటి?

మడతపేజీ

ఈసారి సూటిగా గారితో సగం ఒప్పుకుంటాను. హక్కు నాన్నమ్మదే. కానీ నాన్న తన గురించి అడగలేదు చూడండి, ఈ గదిలో లేనివాళ్ల గురించి అడిగారు. ఆ వాక్యం లేకుండా ఒకసారి కట్ చేసి వినండి. కథ నిలబడితే తీసేయండి. నిలబడకపోతే ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి రెండు రకాలూ వినిపించండి. తల్లీకొడుకులు తేల్చుకోనివ్వండి, మీరు మధ్యలో తీర్పు చెప్పకండి.

రీలుబండి

ఏది తేల్చుకున్నా అసలు రికార్డింగ్ మీద కత్తెర పెట్టొద్దు. కోసేది కాపీ మీదే. అసలు ఫైల్ మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఇంట్లో. నాన్న వద్దన్న వాక్యం ఉన్న ఫైల్‌కి "నాన్నమ్మ మొత్తం, ఎడిట్ చేయనిది, బయట పెట్టొద్దు" అని పేరు పెట్టి, ఎందుకు వద్దన్నారో ఒక టెక్స్ట్ ఫైల్లో రాసి అదే ఫోల్డర్లో ఉంచండి. మీ తర్వాత ఆ ఫోల్డర్ తెరిచేవాళ్లకు ఈ గొడవంతా తెలియదు కదా. మిగతా క్యాసెట్లు ఎక్కించేటప్పుడు ఇబ్బంది వస్తే చెప్పండి. రెండో ఫెల్ట్ ముక్క కూడా ఊడే ఉంటుంది, ఒకే డబ్బాలోవి కాబట్టి.